నూనె కారిన ప్రమిద

పోయిన దీపావళికి పర్సుడీహ్‌లోని మా ఇంటి గడప ముందు వెలిగించిన పన్నెండు ప్రమిదల్లో తొమ్మిది కారాయి. నూనె గచ్చు మీదికి దిగింది. పైన పూసిన ఎర్రరంగు పెచ్చులుగా లేచి ముడుచుకుంది. టపాకాయల మోత తగ్గకముందే దీపాలు కొండెక్కాయి. అవే ప్రమిదలు బజార్లో కుమ్మరి దగ్గర కొన్నవైతే, మా ఆవిడ మర్నాడు పొద్దున్నే బుట్టతో సహా వెళ్లి అతని ముందు బోర్లించి వచ్చేది. ఆ రాత్రి మాత్రం గచ్చు తుడుస్తూ, "పోనీలెండి, పాపం, ఆ పిల్లలు చేసినవి కదా" అని ఊరుకుంది.

నా గొడవంతా ఆ ‘పాపం’తోనే.

పర్సుడీహ్ తెలియనివాళ్లకి ఒక ముక్క. జంషెడ్‌పూర్‌లో, టాటానగర్ స్టేషను పట్టాలకి ఒకవైపు ఉక్కు కంపెనీ ఊరు: చెట్లు, పార్కులు, వేళకి వచ్చే నీళ్లు. రెండోవైపు, కంపెనీ లీజు గీత అవతల మేము. శ్రీకాకుళం, విజయనగరం, గంజాం నుంచి రైల్వేకీ కార్ఖానాకీ పనికొచ్చిన తాతల మనవలం. తెలుగు, హిందీ, ఒడియా, బెంగాలీ, సంతాలీ ఒకే టీకొట్టు దగ్గర వినపడతాయి. ఆ ప్రమిదలు కొన్నది ఇక్కడే, పండగ ముందు పెట్టిన ఒక చిన్న మేళాలో, ‘దివ్యాంగ బాలల హస్తకళ’ అని హిందీలో రాసిన గుడ్డ కట్టిన బల్ల దగ్గర. ఆ బల్ల ఎవరు పెట్టారో ఇక్కడ అనవసరం. ఇలాంటి బల్లలు దేశమంతా ఉన్నాయి.

బల్ల వెనక నిలబడ్డ వాలంటీరమ్మ తెలుగావిడే. "తీసుకోండి అన్నయ్యగారూ, మా పిల్లలు చేసినవండీ" అంది. ఆ పిల్లల్లో ఒకాయనకి చెవుల దగ్గర జుట్టు నెరిసింది. పైగా ఆ ప్రమిదలు వాళ్లు చేసినవి కూడా కావు. కుమ్మరి దగ్గర గంపల లెక్కన కొని వీళ్ల చేత రంగు పూయించారు. అది కూడా ప్రమిదకి పనికిరాని రంగు. మెరుపుపూత లేని కాల్చిన మట్టి నూనె తాగుతుంది. అందుకే మన అమ్మలు కొత్త ప్రమిదల్ని వెలిగించే ముందు కొన్ని గంటలు నీళ్లలో నానేసేవాళ్లు. మట్టి కడుపు నీళ్లతో నిండితే నూనెకి చోటు తగ్గుతుంది. రంగు వేసినదాన్ని నానేస్తే రంగు పోతుందని ఎవరూ నానెయ్యరు. నూనె లోపలినుంచి పాకి రంగుని కిందనుంచి తన్నుతుంది. ఒక్క ప్రమిదలో ఒక్క పూట వత్తి వేసి చూసినా ఇది తెలిసేది. ఎవరూ వేసి చూడలేదు. అది నా గడపలో వెలగాలని ఎవరూ అనుకోలేదు మరి. నా జాలికి ఒక రసీదులా ఉంటే చాలనుకున్నారు.

ఈ ధోరణి వెనక ఒక అభిప్రాయం ఉంది. చాలా మర్యాదస్తుల అభిప్రాయం. వికలాంగులకి మట్టిపని మంచిది, మనసు కుదుటపడుతుంది, వేళ్లకి వ్యాయామం అవుతుంది, చేసిన వస్తువు ఎలా ఉన్నా ఫరవాలేదు, మనం నాలుగు కొని మెచ్చుకోవాలి, వంకలు పెట్టకూడదు. నేనూ చాలా ఏళ్లు ఇదే పాట పాడాను.

మట్టి మనసుని కుదుటపరచదని నేనను. కుదుటపరుస్తుంది, అందరి మనసుల్నీ. సంగీతం కూడా అంతే. అలాగని బాలమురళీకృష్ణ కచేరీకి వెళ్లొచ్చి "గొంతుకి మంచి వ్యాయామమండీ" అన్నవాడు మనకి తగిలాడా? మామూలు మనిషి చక్రం ముందు కూర్చుంటే అది కళ, చూపు లేని మనిషి కూర్చుంటే చికిత్స. పని ఒకటే, మట్టి ఒకటే, పేరు మారింది. పేరు మారగానే ఆ పనిని చూడాల్సిన చూపూ మారిపోయింది. చికిత్స అన్నాక వస్తువుని ఎవరు చూస్తారు? మందు పనిచేసిందా లేదా అని మనిషిని చూస్తారు. కుండ అనాథ అయిపోతుంది.

ఈ దేశంలో మట్టి పలకల మీద గోడంత పని చేసిన ఇద్దరు పెద్దల సంగతి చూడండి. శాంతినికేతన్‌లో బినోద్ బిహారీ ముఖర్జీ పుట్టుకతోనే చూపు సరిగా లేని మనిషి. ఒక కన్ను పనిచేయదు, రెండోదానికి చూపు బాగా తక్కువ. 1950ల్లో ఒక కంటి ఆపరేషన్ తర్వాత ఆ కాస్తా పోయింది. ఆ తర్వాతా ఆయన ఆగలేదు. కాయితం మడిచి, కత్తిరించి, వేళ్లతో తడిమి బొమ్మలు కట్టాడు. 1972లో కళాభవన్ గోడ మీద సిరామిక్ పలకలతో కుడ్యచిత్రం వేశాడు. చూపున్న రోజుల్లో ఆ ఊళ్లోనే హిందీ భవన్ గోడల మీద మధ్యయుగపు సంతుల్ని గీసిన చెయ్యే అది. ఆ 1972లోనే ఆయన శిష్యుడు సత్యజిత్ రాయ్ ఆయన మీద డాక్యుమెంటరీ తీశాడు. ఆ పలకల ముందు నిలబడి "పాపం" అన్న విమర్శకుడు ఉంటే నాకు చూపించండి.

రెండో ఆయన సతీశ్ గుజ్రాల్. ఎనిమిదేళ్ల వయసులో వినికిడి పోయింది. 1939లో లాహోర్‌లోని మేయో కళాశాలలో చేరాడు, తర్వాత బొంబాయి, 1952లో మెక్సికో వెళ్లి డియేగో రివేరా దగ్గరా సికేరోస్ దగ్గరా గోడబొమ్మలు నేర్చాడు. ఢిల్లీ హైకోర్టు గోడ మీది సిరామిక్ కుడ్యం ఆయనదే. ఢిల్లీలో బెల్జియం రాయబార కార్యాలయానికి నమూనా గీసిందీ ఆయనే. వాయిదాకి వచ్చే కక్షిదారు ఆ గోడ పక్కనుంచి పోతూ "చెవిటివాడు చేశాడట" అని తల వంచుకుని పోడు. నచ్చితే కాసేపు నిలబడతాడు, నచ్చకపోతే టీకి పోతాడు. ఒక కళాకారుడికి అంతకన్నా ఏం కావాలి?

"వాళ్లు మహానుభావులండీ, మన వీధి పిల్లలతో పోలికేమిటి" అంటారు వెంటనే. అక్కడే ఆగుదాం. వాళ్లు మహానుభావులై కళాశాలకి రాలేదు. కళాశాల లోపలికి రానిచ్చాక అయ్యారు. చూపు మందమని కళాభవన్ బినోద్ బిహారీని గుమ్మంలోనే ఆపేసి ఉంటే, ఇవాళ ఆయన కూడా ఎక్కడో ఒక బల్ల వెనక ప్రమిదలకి ఎర్రరంగు పూసి ఉండేవాడు, మనం డజను కొని మురిసిపోయి ఉండేవాళ్లం. మన వీధిలో ఎవరికి ఏ చెయ్యి ఉందో మట్టీ కొలిమీ గురువూ ఇవ్వకుండా తేల్చేశాం.

అష్టావక్రుడి కథ వికలాంగుల కోసం పెట్టే సభల్లో తప్పకుండా వస్తుంది. వంకరలున్న దేహంలో ఎంత జ్ఞానమో చూడండి అని ముగిస్తారు. కథలో అసలు ముక్క మాత్రం వదిలేస్తారు. అతను జనకుడి వాకిట్లో జాలి అడగలేదు, వాదం అడిగాడు. ఆ సభలోని పండితుడు వందితో తలపడి గెలుస్తానన్నాడు. వాకిలి కాసేవాడు ఏమన్నాడు? కుర్రాడివి, లోపలికి పెద్దలకే ప్రవేశం అన్నాడు. నలభై ఏళ్ల మనిషిని "మా పిల్లలు" అనే వాలంటీరమ్మ ఆ ద్వారపాలకుడి వారసురాలే. ఆవిడ మంచి మనిషి, ఆ మాట ఒప్పుకుంటాను. ద్వారపాలకుడూ మంచివాడే అయి ఉంటాడు.

మాటల సంగతి ఎలాగూ వచ్చింది. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియోలో చెప్పాక మన కాయితాల నిండా ‘దివ్యాంగులు’ వచ్చిపడింది. ఆ మాట నచ్చేవాళ్లకి నచ్చుతుంది, నేను పేచీ పెట్టను. ఒక్కటే అంటాను. కుండ చేసేది దివ్యమైన అంగం కాదు, మామూలు చెయ్యి. అది ఎండాకాలం చెమట పడుతుంది, తప్పు చేస్తుంది, దిద్దుకుంటుంది. దేవుడిచ్చిన చెయ్యి అన్నాక తప్పు ఎవడు చెబుతాడు? పాపం అన్నా దివ్యం అన్నా చివరికి జరిగేది ఒకటే, ఆ పనికి విమర్శ అందదు.

ఇక ఆ మేళాలో చూసిన ఒక మట్టి వ్యాగను దగ్గరికి వస్తాను.

ఆ బల్ల చివర, అట్టపెట్టెల చాటున, ఒక గూడ్సు వ్యాగను కనపడింది. కాల్చిన మట్టిది, జానెడు పొడుగు, రంగు లేదు. ఆవంలో పొగ పట్టి ఒక పక్క నల్లబడింది. బొగ్గు వ్యాగను. పక్కల నిలువు ఊచలు, తలుపు గొళ్లాలు, చివర కప్లింగు కొక్కెం, బ్రేకు తిప్పే చిన్న చక్రం. ఒక మూల రేకు లోపలికి సొట్టపోయి ఉంది. పొరపాటున నొక్కుకుపోయిందేమో అనుకున్నాను మొదట. దగ్గరగా చూస్తే సొట్ట చుట్టూ ఊచలు కూడా వంగి ఉన్నాయి, రేకు అంచు కాస్త బయటికి చీలింది. కావాలని చేసిన సొట్ట. యార్డు పక్కన ఏళ్ల తరబడి కూర్చుని, లోడింగులో దెబ్బతిన్న వ్యాగన్లు పోతుంటే చూసిన కంటికే తెలుస్తుంది అది. కొత్త వ్యాగను ఎవడైనా చేస్తాడు.

"ఇదెంత?" అన్నాను.

"అది అమ్మేది కాదండీ, ఊరికే సరదాకి చేసుకున్నాడు" అంది వాలంటీరమ్మ.

చేసినాయన పక్కనే ఉన్నాడు. చెవుల దగ్గర నెరిసినాయనే. సెరిబ్రల్ పాల్సీ. కుడిచెయ్యి బిగుసుకుని ఛాతీకి ఆనుకుని ఉంటుంది, మాట కూడదీసుకుని వస్తుంది. "బాబూ, నువ్వే చేశావా?" అన్నాను. ఇంత రాస్తున్న నేనే ఆ మనిషిని ‘బాబూ, నువ్వు’ అన్నాను. నోటికి అలవాటు అలా ఉంటుంది. అవునన్నట్టు తల ఊపాడు. ఇంకేం అడగాలో తెలియక, కంటికి కనపడింది అనేశాను: "చక్రం దగ్గర పగిలింది."

వాలంటీరమ్మ నావైపు చూసిన చూపు నాకింకా గుర్తే. ఆయన మాత్రం ముందుకి వంగి వ్యాగను తిరగేశాడు. బొటనవేలి గోరు పగులులో పెట్టి, "ఇది తడిది... అది ఆరింది" అన్నాడు. ఆరిపోయిన ఒంటికి తడి చక్రం అంటించాడన్నమాట. మట్టి ఆరుతూ కుంచించుకుపోతుంది. ఒకటి అప్పటికే కుంచించుకుని ఉంది, రెండోది ఇంకా కుంచించుకోవాలి. అతుకు తెగక ఏం చేస్తుంది? కారణం ఆయనకి తెలుసు. అడిగినవాడు లేడంతే.

ఎక్కడ కాల్చారని అడిగితే, ఇంటి దగ్గర ఒక కుమ్మరి దీపావళి సరుకుతో పాటు తన ఆవంలో పెట్టాడట. ఊరికే పెట్టలేదు. మొదటిసారి తీసుకెళ్తే చేత్తో తూచి చూసి వెనక్కిచ్చేశాడట: లోపల గట్టిగా ఉంది, పేలితే నా కుండలు పోతాయి, తవ్వి తీసుకురా. మందపు మట్టికి పైన ఆరినా కడుపులో తడి ఉంటుంది. వేడి వంద డిగ్రీలు దాటగానే ఆ తడి ఆవిరై దారి దొరక్క ముద్దని పగలగొడుతుంది. ఆ ముక్క తగిలి పక్క సరుకు పోతుంది. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని ఊరికే అనలేదు మనవాళ్లు. ఈయన ఒంటిచేత్తో, చెంచా కాడతో, వ్యాగను కడుపంతా తోడి గోడలు వేలి మందానికి తెచ్చాడు. రెండోసారి కూడా వెనక్కిచ్చాడు. మూడోసారి పెట్టాడు.

నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో ఆ మనిషిని కళాకారుడిగా చూసింది ఆ కుమ్మరి ఒక్కడే. అతనికి సెరిబ్రల్ పాల్సీ అన్న మాట తెలిసి ఉండకపోవచ్చు. తన కుండలు పోకూడదు, అంతే. కొలిమి దగ్గర రాయితీ ఉండదు కాబట్టి అతను రాయితీ ఇవ్వలేదు. ఆ కాఠిన్యం వల్లే ఒక వ్యాగను నిలబడింది. మన మంచితనం వల్ల తొమ్మిది ప్రమిదలు కారాయి.

"విమర్శిస్తే వాళ్లు నొచ్చుకుంటారు" అనేవాళ్లకి నా దగ్గర ఇంతకన్నా జవాబు లేదు. నొచ్చుకుంటారు. నేను రాసింది తిప్పి పంపితే నేనూ నొచ్చుకుంటాను. నొచ్చుకునే హక్కు కూడా కొందరికి లేకుండా చేసి, దాన్ని దయ అంటున్నాం.

పట్నం గ్యాలరీల్లో దీనికి సరిగ్గా తిరగేసిన వాదం ఒకటి నడుస్తోంది. వీళ్లది కల్మషం లేని కళ, శిక్షణ ఇస్తే చెడిపోతుంది, అలాగే వదిలెయ్యాలి అని. 1945లో ఫ్రెంచి చిత్రకారుడు దుబుఫే ‘ముడి కళ’ అని పేరుపెట్టిన దగ్గర్నుంచి ఈ ముచ్చట ఉంది. 1972లో ఇంగ్లీషువాళ్లు దాన్ని ‘ఔట్‌సైడర్ ఆర్ట్’ అన్నారు, బయటివాళ్ల కళ అని. ఎవరికి బయట, గోడ కట్టిందెవరు అని అడగరు. నేర్పొద్దనేవాళ్లు జపాన్‌లోని షిగా ప్రాంతం వైపు ఒకసారి చూడాలి. అక్కడి షిగరాకి శతాబ్దాలుగా కుమ్మరుల ఊరు. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, 1946లో, ఇతొగా కజువో అనే ఆయన ఆ ప్రాంతంలో ఓమి గాకుయెన్ అనే ఆశ్రమం పెట్టి, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకి మట్టిపని తెచ్చాడు. ఆ నేల మీదే తర్వాత షినిచి సవాదా వచ్చాడు. 1982లో పుట్టిన మనిషి, ఆటిజం ఉంది, మాట్లాడటం చాలా తక్కువ. వేళ్లతో చిన్నచిన్న ముళ్లు చేసి, వందల కొద్దీ ఒక్కొక్కటే అతికించి, ఏ పురాణంలోనూ లేని జంతువులు చేస్తాడు. కట్టెల కొలిమిలో కాలి అవి ఇటుక రంగుకి తిరుగుతాయి. 2013లో వెనిస్ బియెనాలేలో వాటిని పెట్టారు. అన్ని ముళ్లు, సన్నవీ లావువీ, రాలకుండా కాలడం గాలివాటున జరగదు. ఆ కొలిమి వెనక నిప్పు తెలిసినవాళ్లు ఉన్నారు. ఆ సాయం వల్ల జంతువుల మీద అతని ముద్ర ఏమీ తగ్గలేదు.

సాయం అనగానే "మరి అది అతని పనేనా" అంటారు ఇంకొందరు. జంషెడ్‌పూర్‌లో బతుకుతూ ఈ ప్రశ్న వేస్తే నవ్వొస్తుంది. 1912లో ఇక్కడ మొదటి ఉక్కు దిమ్మ వచ్చినప్పుడు అది ఎవడి ఒక్కడి పని? శిల్పి రోడాఁ కంచు బొమ్మలు పోతపోసింది పోతపనివాళ్లు. బొమ్మ కింద పేరు రోడాఁది. ఆ లెక్క ఇక్కడెందుకు చెల్లదు? మా బల్ల మీద మాత్రం తిరగబడింది లెక్క. ప్రతి ప్రమిద పొట్లం మీదా సంస్థ పేరు అచ్చయి ఉంది. రంగు పూసినవాళ్ల పేరు ఒక్కదాని మీదా లేదు.

మెల్‌బోర్న్‌లో అలన్ కాన్‌స్టబుల్ అనే ఆయన ఉన్నాడు. 1956లో పుట్టాడు, చూపు దాదాపు లేదు. పాత కెమెరాని కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని, మిగతాది వేళ్లతో చదివి, మట్టిలో కెమెరాలు చేస్తాడు. వాటి కటకాలు ఉబ్బి ఉంటాయి, గుండీలు లావెక్కి ఉంటాయి. తడిమితే కెమెరా ఎలా ఉంటుందో అలా. చూపున్నవాడు చేసే కెమెరాకన్నా వేరు, నా మటుకు నాకు వాటికన్నా మేలు. ఆయన పనిచేసే స్టూడియో 1974 నుంచి నడుస్తోంది. అమెరికాలో ఓక్లండ్‌లోని క్రియేటివ్ గ్రోత్ కూడా ఆ ఏడాదే పుట్టింది. 2025 డిసెంబరులో బ్రిటన్‌లో టర్నర్ బహుమతి న్నెనా కలూకి వచ్చింది. ఆవిడది మట్టి కాదు, చుట్టలుగా చుట్టిన గుడ్డా టేపూ. అభ్యసన వైకల్యం ఉన్న కళాకారిణికి ఆ బహుమతి రావడం 1984లో అది మొదలైన దగ్గర్నుంచి ఇదే మొదటిసారి. ఇవన్నీ ఒక్కరోజులో రాలేదు. నలభై, యాభై ఏళ్లు ఎవరో రోజూ తాళం తీసి, బల్ల తుడిచి, మట్టి కలిపి పెట్టారు.

మనకి చట్టం లేదా? ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషను సంగతి అందరికీ తెలుసు. 29వ సెక్షను సంగతి అడగండి, తెల్లమొహం వేస్తారు. వికలాంగులైన కళాకారులకీ రచయితలకీ వసతులూ అండా కల్పించాలని, వాళ్లు పాల్గొనేలా కళల కోర్సుల్ని తిరిగి రూపొందించాలని అందులో రాసి ఉంది. 2011 జనగణన ప్రకారమే దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. ఆ సెక్షను పట్టుకుని మట్టిపని కోర్సు మార్చమని అడిగినవాడు నాకింతవరకు తగల్లేదు. మీ ఊళ్లోని ప్రత్యేక పాఠశాలకి వెళ్లి కొలిమి చూపించమనండి. రంగు డబ్బాలు చూపిస్తారు.

కొలిమికి కొదవైన నేల కాదు ఇది. ఉక్కు పుట్టేది మట్టి ఒడిలోనే, నిప్పుకి ఓర్చే ఇటుకల గోడల మధ్య. ఆ ఇటుకలకి పనికొచ్చే కయనైటు ఖర్సావాఁ దగ్గరి లప్సాబురూ కొండలో తవ్వారు. తెల్ల చీనామట్టి హాట్ గమ్హరియా వైపు దొరుకుతుంది. బంకమట్టి ఏ చెరువు గట్టున తవ్వినా ఉంది. కావలసినవి చిన్నవి. చక్రాల కుర్చీ కిందికి దూరే ఎత్తు బల్ల, కాలితో తన్నక్కర్లేని కరెంటు సారె, చూపు లేనివాళ్లు తడిమి తెలుసుకునేలా పూతల నమూనా పలకలు, గంట వినపడనివాళ్లకి కొలిమి మీద ఒక దీపం. వీటికన్నా ముందు, అడ్డంగా అడిగే ఒక గురువు. ఇందులో ఏదీ కంపెనీ బడ్జెట్టుకి బరువు కాదు.

"కళ కూడు పెడుతుందా, డేటా ఎంట్రీ నేర్పండి" అనే పెద్దమనుషులకి ఒక మాటతో సరిపెడతాను. డేటా ఎంట్రీ కూడా నేర్పండి, బాగా నేర్పండి. మీ అబ్బాయికి గిటారు నేర్పినప్పుడు మాత్రం ఈ లెక్క వెయ్యలేదు మీరు.

మళ్లీ మేళాకి. "ఎంతకిస్తారు?" అని ఆయన్నే అడిగాను, ఈసారి ‘మీరు’ అనే. వాలంటీరమ్మ అడ్డొచ్చి, "మీకు తోచినంత ఇవ్వండి అన్నయ్యగారూ, విరాళం కింద రాసుకుంటాం" అంది.

"మూడొందలు" అన్నాడాయన. ఆవిడ నవ్వింది. ఆయన నవ్వలేదు.

"పగులుంది కదా, రెండొందలు" అన్నాను.

"పగులు... ఉంది. సొట్ట... చూడండి."

"రెండొందల యాభై."

ఆయన ఎడమచేత్తో వ్యాగను తీసి, పాత వార్తాపత్రికలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టేసుకున్నాడు. బేరం అయిపోయింది. నేను పన్నెండు ప్రమిదలు కొనుక్కుని, రెండొందల నలభై ఇచ్చి, ఒక్క రూపాయి కూడా బేరమాడకుండా ఇంటికొచ్చాను.

తర్వాత మూడొందలు పట్టుకుని రెండుసార్లు ఆయన కోసం వెళ్లాను. మొదటిసారి ఆయన లేడు. రెండోసారి ఉన్నాడు. రెండో వ్యాగను చేస్తున్నాడు, చక్రాలు ఒంటితో పాటే తడి మీద అతికించి, మొత్తం తడిగుడ్డ కప్పి ఆరబెట్టాడు. పాతదాని ధర ఇప్పుడు నాలుగొందలట.